అరగంటలో దాటేసే దేశం

స్విట్జర్లాండ్ టూరుకు వెళ్లొచ్చినవాళ్ల ఆల్బమ్ తిరగేస్తుంటే ఒక్కోసారి ఓ ఫొటో దగ్గర చెయ్యి ఆగుతుంది. కొండ అంచున రాతికోట, దాని కింద పట్టుమని పది నిమిషాలు కూడా నడవక్కర్లేని వీధి, వెనకాల మంచు కప్పుకున్న పర్వతాలు. 'ఇదెక్కడ?' అంటే 'అదీ స్విట్జర్లాండే' అని పేజీ తిప్పేస్తారు. కానే కాదు. అది వేరే దేశం! దానికో రాజున్నాడు, పార్లమెంటుంది, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది. పేరు లిక్టెన్‌స్టైన్. టూరు బస్సు రైన్ నది మీద వంతెన దాటింది, గంటసేపు ఆగింది, అందర్నీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. దేశం మారిన సంగతి లోపల కూర్చున్నవాళ్లకు తెలియలేదంటే వాళ్ల తప్పేం లేదు. ఆ వంతెన దగ్గర గేటూ ఉండదు, పాస్‌పోర్టు అడిగేవాళ్లూ ఉండరు.

స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఒదిగి ఉన్న ఈ దేశం విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర చాలా మండలాలు ఇంతకన్నా పెద్దవి. ఆ చివర నుంచి ఈ చివరకు పాతిక కిలోమీటర్లు, కారులో అరగంట. జనాభా దాదాపు 40 వేలు. మొత్తం పదకొండు ఊళ్లు. రాజధాని వాడుజ్‌లో ఉండేది ఇంచుమించు ఆరు వేలమందే. తనకే కాదు, చుట్టూ ఉన్న దేశాలకు కూడా సముద్రతీరం లేదు. ప్రపంచంలో ఇలాంటి దేశాలు రెండే రెండు. రెండోది ఉజ్బెకిస్థాన్.

విమానాశ్రయం లేదు. సైన్యం లేదు. సొంత డబ్బు లేదు. ఉన్న కాస్త రైలుమార్గం మీద నడిచేవి ఆస్ట్రియా రైళ్లు. ఇన్ని లేనప్పుడు ఇదో దేశమెలా అయింది, ఇన్నాళ్లు ఎలా నిలిచింది అన్న సందేహం వస్తుంది కదా. ఆ సంగతి తెలుసుకుని చూస్తే మాత్రం ఆ కోటా, ఆ వీధీ వేరేగా కనిపిస్తాయి.

ఇంటిపేరే దేశం పేరు

మామూలుగా దేశాన్ని బట్టి రాజుకు పేరొస్తుంది. ఇక్కడ తిరగేసి జరిగింది. లిక్టెన్‌స్టైన్ అనేది వియన్నా దగ్గరున్న ఓ పాతకోట పేరు. ఆ కోట పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న జమీందారీ కుటుంబానికి ఆస్ట్రియాలో, ఇప్పటి చెక్ దేశంలో లెక్కలేనన్ని భూములున్నాయి. డబ్బుకు లోటు లేదు, లోటల్లా హోదాకే. జర్మన్ చక్రవర్తి కొలువుండే సామ్రాజ్య సభలో కుర్చీ కావాలంటే, మధ్యలో మరో ప్రభువు లేకుండా నేరుగా చక్రవర్తి కిందకు వచ్చే భూమి ఉండాలి. వీళ్ల భూములన్నీ వేరే ప్రభువుల కిందే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే రైన్ ఒడ్డున అప్పుల్లో మునిగిన ఓ ప్రభువంశం రెండు చిన్న ముక్కల్ని అమ్మకానికి పెట్టింది. 1699లో షెలెన్‌బర్గ్, 1712లో వాడుజ్... రెండూ ఈ కుటుంబం కొనేసింది. 1719 జనవరి 23న చక్రవర్తి ఆరో చార్లెస్ ఆ రెంటినీ కలిపి, కొన్నవాళ్ల ఇంటిపేరే పెట్టి, సంస్థానంగా ప్రకటించాడు. అంటే ఈ దేశం పుట్టింది సభలో ఓ కుర్చీ కోసం!

కుర్చీ దక్కింది కాబట్టి భూమిని చూడాల్సిన పనేముంది? నూట ఇరవై ఏళ్లకు పైగా గద్దెమీదున్న ఏ రాజూ అక్కడ అడుగే పెట్టలేదు. రెండో అలోయిస్ 1842లో మొదటిసారి వచ్చి చూశాడు. రాజు సకుటుంబంగా వచ్చి వాడుజ్ కోటలో కాపురం పెట్టడానికి 1938 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఆస్ట్రియాను హిట్లర్ మింగేశాక, రెండో ఫ్రాంజ్ జోసెఫ్ హయాంలో.

ఎనభై మంది వెళ్లి...

ఈ దేశం పేరెత్తితే అందరూ చెప్పుకునే కథ సైన్యానిది. 1866లో ఆస్ట్రియా, ప్రష్యాల మధ్య యుద్ధం వచ్చింది. లిక్టెన్‌స్టైన్ నుంచి ఎనభై మంది సైనికులు ఇటలీ వైపు కొండదారిని కాపలా కాయడానికి వెళ్లారు. శత్రువు కంటపడలేదు, తూటా పేలలేదు. తిరిగి వచ్చేసరికి ఎనభై ఒక్కమంది ఉన్నారట! దారిలో దోస్తీ కుదిరిన ఒకాయన వెంట వచ్చేశాడని చెబుతారు. ఆయన ఇటలీవాడని కొందరు, ఆస్ట్రియా అధికారని కొందరు. ఏదైతేనేం, రెండేళ్లకే 1868లో ఖర్చు దండగని సైన్యాన్ని రద్దు చేశారు. ఆ పాత సైనికుల్లో చివరివాడు 1939లో కన్నుమూశాడు.

ఇక అప్పట్నుంచీ పక్కవాడి మంచితనమే రక్షణ. ఆ పక్కవాడు కూడా అప్పుడప్పుడూ పొరపాటు పడతాడు. 2007 మార్చిలో రాత్రిపూట కవాతు చేస్తున్న స్విస్ సైనికులు, దాదాపు 170 మంది, చీకట్లో దారితప్పి తుపాకులతో సహా లిక్టెన్‌స్టైన్‌లోకి వచ్చేశారు. సంగతి తెలిసి వెనక్కి వెళ్లి, స్విస్ ప్రభుత్వం క్షమాపణ చెప్పేదాకా ఇక్కడెవరికీ తెలియనే తెలియదు. మరో చోటయితే యుద్ధమే జరిగేది. వీళ్లు నవ్వేసి ఊరుకున్నారు.

పక్కింటి నుంచి తెచ్చుకున్నవి ఇంకా ఉన్నాయి. మొదట్లో ఆస్ట్రియా మీద ఆధారపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సామ్రాజ్యం కూలి, దాని డబ్బు చిత్తుకాగితమయ్యాక స్విట్జర్లాండ్ చెయ్యి పట్టుకున్నారు. 1923లో కస్టమ్స్ ఒప్పందం రాసుకున్నారు, మరుసటేడు నుంచి స్విస్ ఫ్రాంకే వీళ్ల డబ్బు. జాతీయగీతానికి బ్రిటన్ రాజగీతం బాణీనే వాడుకుంటారు. 2003లో ఇంగ్లండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడినప్పుడు స్టేడియంలో ఒకే బాణీ రెండుసార్లు మోగింది. జెండా సంగతి ఇంకా తమాషా. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్లాకగానీ తమ జెండా, ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఉన్న హైతీ జెండా ఒకటేనని తెలియలేదు. తర్వాతి ఏడాది నీలిపట్టీ మీద బంగారు కిరీటం గుర్తు చేర్చారు.

1945, మే నెల రాత్రి

ఈ నవ్వులాటలు విని ఇదో బొమ్మల దేశమనుకుంటే పొరపాటే. ఉత్తరాన ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని హింటర్‌షెలెన్‌బర్గ్ అనే చిన్నపల్లె ఉంది. టూరు బస్సులు అటు వెళ్లవు. అక్కడో స్మారకశిల ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు. 1945 మే 2 రాత్రి దాదాపు అయిదొందల మంది రష్యన్లు ఆ పల్లె దగ్గర సరిహద్దు దాటి లోపలికి వచ్చారు. వాళ్లు సోవియట్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా జర్మనీ తరఫున పోరాడిన దళం. వెంట కొందరు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. అటు మిత్రరాజ్యాల ఒప్పందం ప్రకారం సోవియట్ పౌరుల్ని ఎక్కడివాళ్లనక్కడ స్టాలిన్‌కు అప్పగిస్తున్నారు. వెళ్లినవాళ్లకు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బ్రిటన్, అమెరికాలే అప్పగిస్తున్నప్పుడు పన్నెండు వేల జనాభా ఉన్న దేశం ఏం చేయాలి?

ఇష్టం లేనివాళ్లను పంపబోమంది. సోవియట్ అధికారులు వచ్చి కూర్చున్నారు, బతిమాలారు, బెదిరించారు. దాదాపు రెండొందల మంది ఇంటికి వెళతామని ఒప్పుకుని వెళ్లారు. మిగిలినవాళ్లను ఎవరూ మెడపట్టి గెంటలేదు. రెండేళ్ల పైచిలుకు తిండిపెట్టి, చివరికి అర్జెంటీనా ఒప్పుకుంటే 1947లో చాలామందిని అక్కడికి పంపించారు. ఇప్పుడంటే సంపన్న దేశంగానీ అప్పటికి లిక్టెన్‌స్టైన్ బీద దేశమే. ఆవులు, మొక్కజొన్న, కొద్దిపాటి నేత మిల్లులు. పనుల కోసం మగవాళ్లు వలసపోయేవారు. 1927లో రైన్ గట్టు తెగి సగం దేశం మునిగిన దెబ్బ నుంచి కూడా పూర్తిగా తేరుకోలేదు.

అలాగని వాళ్ల చరిత్రంతా ఇలాగే మెరిసిపోతుందనుకోవద్దు. ఆ యుద్ధకాలంలోనే ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన యూదుల్లో కొందరిని లోపలికి రానిచ్చి, కొందరిని సరిహద్దు నుంచే తిప్పి పంపారు. ఆస్ట్రియాలోని రాజకుటుంబపు ఎస్టేట్లలో నాజీ శిబిరం నుంచి తెచ్చిన యూదు కూలీలతో పని చేయించిన సంగతినీ 2005లో స్వతంత్ర చరిత్రకారుల కమిషన్ బయటపెట్టింది. ఆ కమిషన్‌ను వేసింది మరెవరో కాదు, లిక్టెన్‌స్టైన్ ప్రభుత్వమే. ఈ రెండు మాటలూ కలిపి చెబితేనే ఆ దేశం గురించి నిజం చెప్పినట్టు.

ఆడవాళ్లకు ఓటు ఎప్పుడొచ్చింది?

ఇక్కడ పెద్ద విషయాలన్నీ జనం ఓటుతోనే తేలుతాయి. ప్రజాస్వామ్యమంటే ఇదీ అని మెచ్చుకునేలోపే మరో సంగతి తెలుస్తుంది. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నదీ ఓటుకే పెట్టారు. ఓటేసింది మాత్రం మగవాళ్లు! 1971లో వద్దన్నారు, 1973లో వద్దన్నారు. 1984 జులైలో ఎట్టకేలకు సరేనన్నారు. అదీ 2,370 మంది అవునంటే 2,251 మంది కాదన్నారు. తేడా 119 ఓట్లు. 1952 నాటి మన తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే అమ్మమ్మలు, నాయనమ్మలు క్యూలో నిలబడి ఓటేశారన్న సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోవచ్చు. నాలుగు దశాబ్దాల తర్వాత, 2025 ఏప్రిల్‌లో బ్రిగిట్టె హాస్ ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని అయ్యారు.

రాజుగారి కథా ఓటుతోనే తేలింది. ప్రస్తుత రాజు రెండో హాన్స్ ఆడమ్ ఏ చట్టాన్నయినా ఆపే అధికారం, ప్రభుత్వాన్ని రద్దుచేసే అధికారం రాజ్యాంగంలో గట్టిగా ఉండాలని పట్టుబట్టారు. ఒప్పుకోకపోతే కుటుంబంతో వియన్నా వెళ్లిపోతానన్నారు. 2003లో ఓటింగు పెడితే 64 శాతం మంది రాజుగారినే సమర్థించారు. 2012లో ఆ అధికారానికి కోత పెట్టాలని కొందరు మళ్లీ ఓటింగు తెచ్చారు. 76 శాతం మంది వద్దన్నారు. యూరప్‌లో మిగతా రాజులు రిబ్బన్లు కత్తిరిస్తూ కాలక్షేపం చేస్తుంటే, ఇక్కడ జనమే రాజుకు అధికారం చేతికిచ్చారు. బయటివాళ్లకిది మింగుడుపడదు. అయితే అదే రాజ్యాంగంలో రాజరికాన్నే రద్దు చేసే హక్కు జనానికీ ఉంది, దేశం నుంచి విడిపోయే హక్కు ప్రతి ఊరికీ ఉంది. 2004 నుంచి రోజువారీ పాలన యువరాజు అలోయిస్ చూస్తున్నారు.

రాజుగారి ఖర్చులకు జనం పన్ను కట్టక్కర్లేదు. ఆ కుటుంబానికి సొంత బ్యాంకుంది, ద్రాక్షతోటలున్నాయి, గొప్ప చిత్రాల సేకరణ ఉంది. కష్టకాలంలో వాటిలో కొన్ని అమ్ముకున్నారు కూడా. 1967లో లియొనార్డో డావిన్సీ వేసిన 'జినెవ్రా డె బెన్సీ' చిత్రాన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ కొంది. అప్పటికి ఓ చిత్రానికి అంత ధర పలకడం రికార్డు.

దాచుకున్న డబ్బు, మన సుప్రీంకోర్టు

మరి బీద దేశం ఎలా బాగుపడింది? చాలామంది వెంటనే 'నల్లడబ్బు' అంటారు. సగమే నిజం. 1941లో షాన్ అనే ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన హిల్టీ కంపెనీ డ్రిల్లింగ్ యంత్రాలు ఇవాళ ప్రపంచమంతటా పెద్ద కట్టడాల దగ్గర కనిపిస్తాయి. కట్టుడుపళ్ల తయారీలో పేరున్న ఇవోక్లార్ కూడా ఆ ఊరిదే. ఈ దేశంలో పనిచేసేవాళ్లలో సగానికి పైగా రోజూ పొద్దున్నే స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నుంచి వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లే. ఇక్కడ స్థిరపడటానికి అనుమతి దొరకడం అంత కష్టం. ఇతర యూరప్ దేశాలవారికి ఇచ్చే కొద్దిపాటి అనుమతుల్లో కొన్నిటికి లాటరీ తీస్తారు!

మిగతా సగం గురించి మనకూ కొంత తెలుసు. పేరు బయటపెట్టని ఖాతాలు, ట్రస్టులు, నామమాత్రపు పన్ను... ఇవన్నీ చూసి నలుమూలల నుంచీ డబ్బు వచ్చి చేరింది. రాజకుటుంబానికి చెందిన ఎల్‌జీటీ బ్యాంకు వ్యవహారాల్లో పనిచేసిన ఓ మాజీ ఉద్యోగి ఖాతాదారుల వివరాలు తీసుకుపోయి జర్మనీ గూఢచారి విభాగానికి అమ్మేశాడు. 2008 ఫిబ్రవరిలో ఆ బండారం బయటపడి జర్మనీలో పెద్దపెద్దవాళ్ల ఇళ్ల తలుపులు తట్టారు. ఆ జాబితాలో భారతీయుల పేర్లున్న భాగాన్ని 2009లో జర్మనీ మన ప్రభుత్వానికి ఇచ్చింది. పేర్లు చెప్పమంటే ప్రభుత్వం ఒప్పందాలు అడ్డొస్తాయంది. రాం జెఠ్మలానీ తదితరులు సుప్రీంకోర్టుకెక్కారు. 2011 జులై 4న వచ్చిన తీర్పు దర్యాప్తు పూర్తయి చర్యలు మొదలైనవారి పేర్లు చెప్పాలంది, నల్లడబ్బుపై ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలంది. ఆ తీర్పిచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి. 2014లో పేర్లు కోర్టు ముందుకొచ్చాయి.

ఆ దెబ్బతో లిక్టెన్‌స్టైన్ కూడా దారి మార్చుకుంది. 2009లో అంతర్జాతీయ పన్ను నిబంధనలకు కట్టుబడతామంది. 2013లో భారత్‌తో పన్ను సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకుంది. బ్యాంకులు మూతపడతాయనుకున్నారుగానీ అలాంటిదేం జరగలేదు. అంటే ముసుగు తీసినా బతకగలరన్నమాట. ఆ పని ముందే ఎందుకు చేయలేదని మాత్రం ఎవరూ చెప్పరు.

వెళ్లాలనుకుంటే...

షెంగెన్ వీసా చాలు. లిక్టెన్‌స్టైన్ 2011 చివర్లో అందులో చేరింది. జ్యూరిక్‌లో దిగి, రైలెక్కి గంటలో సర్గాన్స్ చేరితే, అక్కణ్నుంచి వాడుజ్‌కు బస్సుంది. ఫ్రాంకుల్లో ఖర్చంటే జేబు బరువు తగ్గడం ఖాయం. హోటళ్ల ధరలు చూసి గుండె గుభేల్మంటే, సరిహద్దుకు అటువైపున్న ఆస్ట్రియా పట్టణం ఫెల్డ్‌కిర్క్‌లో బస చూసుకోవచ్చు. మాట్లాడేది జర్మనే అయినా ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. వేసవిలో జూన్ నుంచి సెప్టెంబరు నడకకు బాగుంటుంది. మంచు చూడాలంటే డిసెంబరు తర్వాత.

వాడుజ్ కోట లోపలికి మాత్రం వెళ్లనివ్వరు. రాజకుటుంబం కాపురముండే ఇల్లు మరి. అయినా కొండదారిలో కోట గోడల దాకా ఎక్కి చూస్తే రైన్ లోయంతా కాళ్లకింద పరుచుకుంటుంది. కింద వీధిలో తపాలా మ్యూజియం ఉంది. చిన్నప్పుడు స్టాంపులు పోగుచేసినవాళ్లు అక్కణ్నుంచి తొందరగా కదల్లేరు. 1912లో తొలి స్టాంపు వేశాక, అందమైన స్టాంపులు అమ్ముకునే ఈ దేశం ఖజానాకు చాలాకాలం మంచి రాబడి తెచ్చుకుంది. దగ్గర్లోనే రాజుగారి నిధుల గది. రష్యా చక్రవర్తుల కాలంనాటి ఫబర్జె గుడ్డు, చంద్రుడి మీది నుంచి తెచ్చిన రాతి తునకలు అక్కడ చూడొచ్చు. టూరిస్టు ఆఫీసులో కొన్ని ఫ్రాంకులిస్తే పాస్‌పోర్టులో ముద్ర వేస్తారు. అది సరదా కోసమే, వీసాతో సంబంధం లేదు.

అందరూ అంతటితో ఆగిపోతారు. అసలు దేశం ఆ తర్వాతే మొదలవుతుంది. వాడుజ్ నుంచి నదివైపు నడిస్తే 1901లో కట్టిన చెక్కవంతెన వస్తుంది. పైన కప్పు, పక్కన చెక్కగోడలు, పొడవు 135 మీటర్లు. కార్లు రావు. మధ్యలో నిలబడితే ఒక కాలు ఈ దేశంలో, ఇంకో కాలు స్విట్జర్లాండ్‌లో! పిల్లలకు భలే ఆట. పైకి బస్సెక్కితే ట్రీసెన్‌బర్గ్. ఏడొందల ఏళ్ల కిందట స్విస్ లోయల నుంచి వలస వచ్చిన వాల్సర్ల ఊరిది. వాళ్ల యాస నేటికీ కింది ఊళ్లవాళ్లకు భిన్నంగా ఉంటుంది. ఇంకా పైకెళితే 1,600 మీటర్ల ఎత్తున మాల్బున్. దేశంలోని ఏకైక స్కీయింగ్ కేంద్రం అదే. ఈ దేశానికి ఒలింపిక్ పతకాలు తెచ్చింది మంచుకొండలే. 1980లో హానీ వెంజెల్ రెండు స్వర్ణాలు గెలిస్తే, 2018లో ఆమె కూతురు టీనా కాంస్యం తెచ్చింది. నడవగలిగినవాళ్లకు పదకొండు ఊళ్లనూ కలుపుతూ 75 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 2019లో దేశానికి మూడొందల ఏళ్లు నిండిన సందర్భంగా వేశారు. ఇందాక చెప్పుకున్న హింటర్‌షెలెన్‌బర్గ్ కూడా అటే.

శాకాహారులకు చీజ్ కలిపిన 'కేస్‌క్నోప్‌ఫ్లె' దొరుకుతుంది. గోధుమపిండితో చేసిన చిన్న ఉండల్లాంటివి. మొదట్లో సప్పగా అనిపిస్తుందిగానీ పక్కన పెట్టే యాపిల్ గుజ్జుతో బాగుంటుంది. ఈ వంటలో గుడ్డు కలుపుతారు కాబట్టి అది తిననివాళ్లు ముందే అడగాలి. పచ్చడి సీసా వెంట ఉంటే ఇబ్బందే లేదు.

తేదీ ఎంచుకునే వీలుంటే ఆగస్టు 15న వెళ్లండి. మనకు జెండా పండగైన రోజే వాళ్లకూ జాతీయ దినోత్సవం. రెండో ఫ్రాంజ్ జోసెఫ్ పుట్టినరోజు ఆగస్టు 16. దానికి ముందురోజు ఎలాగూ మేరీమాత పండగ సెలవు కాబట్టి రెండూ కలిపేశారు. ఆయన 1989లో పోయినా తేదీ మార్చలేదు. ఆరోజు కోట పక్క మైదానంలో సభ జరుగుతుంది, రాజకుటుంబం జనాన్ని తమ తోటలోకి పిలిచి విందిస్తుంది. మామూలు రోజుల్లో మూసి ఉండే ఆవరణలో కూలీ, మంత్రి, యువరాజు చేతుల్లో గ్లాసులతో కబుర్లాడుకుంటారు. రాత్రి పదింటికి కోట మీద బాణసంచా. చూడ్డానికి లోయకు అటువైపు నుంచి స్విస్‌వాళ్లు కూడా వస్తారు కాబట్టి గదులు మాత్రం కొన్ని నెలల ముందే మాట్లాడుకోవాలి.